ఆకూ అలమూ అనకండి!

సలాడ్ అనగానే మన ఇళ్ళల్లో చాలామంది పెదవి విరుస్తారు. “ఆకూ అలమూ నమలడానికి మేమేం మేకలమా?” అనే మగవాళ్ళు కొందరు. “వండడానికి బద్ధకమైతే సరి, మళ్ళీ దానికో పేరు కూడానా!” అనే అత్తగార్లు కొందరు. కానీ ఆ పచ్చి ఆకుల వెనక రెండు వేల ఏళ్ళ చరిత్ర ఉంది. చక్రవర్తికి జరిగిన వైద్యం, మతం పేరిట జరిగిన హింస, పొట్ట చేతబట్టుకుని ఓడలెక్కిన లక్షల కుటుంబాల కథ, అన్నీ ఆ ఒక్క గిన్నెలో కలిసే ఉన్నాయి.

ముందు మాట సంగతి చూద్దాం. లాటిన్ భాషలో ‘సాల్’ అంటే ఉప్పు. ఇటలీ వాళ్ళు సలాడ్‌ని ‘ఇన్సలాతా’ అంటారు. అంటే ఉప్పు వేసినది అని అర్థం. ఆకు ఆకుగా ఉన్నంతసేపూ అది పశువుల మేత. దానికి ఉప్పు తగిలిందా, మనుషుల భోజనమైపోయింది!

ప్రాచీన రోము నగరంలో లెట్యూస్ ఆకంటే మహా గౌరవం. క్రీ.పూ. 23లో అగస్టస్ చక్రవర్తికి ప్రాణం మీదకొచ్చింది. ఆంటోనియస్ మూసా అనే వైద్యుడు చన్నీళ్ళ స్నానాలతో ఆయన్ని బతికించాడు. ఆ వైద్యంలో లెట్యూస్ కూడా ఉందని ప్లీనీ రాశాడు. కృతజ్ఞతగా ఆ వైద్యుడికి విగ్రహం కూడా నిలబెట్టారు. ఆ తరవాత ఒకటో శతాబ్దంలోనే మార్షల్ అనే కవికి ఒక సందేహం వచ్చింది. తాతలనాడు భోజనం చివర వడ్డించిన ఈ ఆకుని ఇప్పుడు మొదటే ఎందుకు వడ్డిస్తున్నారని! పప్పు ముందా, పచ్చడి ముందా అని మనం తర్జనభర్జన పడినట్టే అన్నమాట.

ఇంక అసలు కథానాయకుడి దగ్గరికొద్దాం. పేరు జాకొమో కాస్తెల్వెత్రో. 1546లో ఇటలీలోని మోదెనాలో పుట్టాడు. బాగా చదువుకున్నవాడు. స్కాట్లాండ్ రాజు ఆరో జేమ్స్‌కి ఇటాలియన్ భాష నేర్పినవాడు. అయితే ప్రొటెస్టెంటు మతం పుచ్చుకున్నాడు. ఆ రోజుల్లో ఇటలీలో అంతకన్నా పెద్ద నేరం లేదు. ఆయన తమ్ముడు లేలియోని 1609లో సజీవంగా దహనం చేశారు. రెండేళ్ళకి, 1611లో వెనిస్‌లో ఈయన్ని కూడా పట్టుకున్నారు. ఆంగ్ల రాయబారి డడ్లీ కార్ల్‌టన్ అడ్డుపడి విడిపించబట్టి బతికి బయటపడ్డాడు. ఆ తరవాత ఇంగ్లండు చేరాడు.

అరవై ఎనిమిదేళ్ళ వయసు. తమ్ముడు లేడు. సొంత దేశానికి వెళ్ళే దారి లేదు. అలాంటి మనిషి 1614లో కూర్చుని ఏం రాశాడనుకున్నారు? తనని తరిమిన వాళ్ళమీద శాపనార్థాలు కాదు. ఇటలీలో పచ్చిగానో వండుకునో తినే దుంపలు, ఆకులు, పళ్ళ గురించి రాశాడు! ఏ రుతువులో ఏ కూర వస్తుంది, దాన్ని ఎలా తినాలి అని వరసగా చెప్పుకుపోయాడు. వదిలొచ్చిన ఇంటిని పెరటి వైపునుంచి మళ్ళీ చూసుకున్నాడనిపిస్తుంది నాకు.

ఇంగ్లండు వాళ్ళు మాంసమూ, తీపీ తగ్గించి కూరగాయలు ఎక్కువ తినాలని ఆయన తాపత్రయం. మీ ఇటలీ వాళ్ళు అన్ని ఆకులెందుకు తింటారయ్యా అంటే కారణాలు కూడా చెప్పాడు. మా దగ్గర మీకున్నంత మాంసం లేదు, జనమేమో ఎక్కువ, పైగా ఎండలు అన్నాడు. చూశారా, లేమిని దాచుకోలేదు. ఆ లేమిలోంచే రుచి పుట్టిందని చెప్పుకున్నాడు.

సలాడ్ కలపడం గురించి ఆయన రాసింది చదివితే మన అమ్మమ్మలు గుర్తొస్తారు. ఆకుల్ని నీళ్ళు మార్చి మార్చి కడగాలిట. గిన్నె వంచి నీళ్ళు పారబోయకూడదు, చేత్తో ఆకుల్నే పైకి తియ్యాలి. అప్పుడు ఇసక అడుగునే ఉండిపోతుంది. తోటకూర కడిగే ప్రతి ఇల్లాలికీ తెలిసిన రహస్యమే కదా ఇది! తరవాత శుభ్రమైన బట్టలో వేసి తడి పూర్తిగా ఆర్చాలి. ఉప్పు ధారాళంగా, నూనె ఉదారంగా, వెనిగర్ కొంచెంగా వెయ్యాలి. ఇంగ్లండు వాళ్ళు ఆకులు సరిగ్గా కడగరనీ, వెనిగర్ మాత్రం మడుగు కట్టేలా పోస్తారనీ ఆయన గొడవ. పాపం, ఆ పుస్తకం ఆయన బతికుండగా అచ్చుకాలేదు. 1616లో పరాయిదేశంలోనే కన్నుమూశాడు. దానికి ఇంగ్లీషు అనువాదం పుస్తకంగా వచ్చింది 1989లో!

ఈ కలపడం మీద యూరపులో ఒక పాత సామెత ఉంది. సలాడ్‌కి నలుగురు మనుషులు కావాలిట. ఉప్పు వెయ్యడానికి వివేకి, వెనిగర్‌కి పిసినారి, నూనెకి దుబారా మనిషి, కలపడానికి పిచ్చివాడు. మన ఇళ్ళల్లో ఈ నలుగురి పనీ ఒక్క ఇల్లాలే చేసుకుంటుందనుకోండి.

కాస్తెల్వెత్రో కన్నా ముందే ఫ్లారెన్సులో బ్రొంజీనో అనే గొప్ప చిత్రకారుడుండేవాడు. 1572లో పోయాడు. మహారాజుల బొమ్మలు వేసిన ఆ చేత్తోనే ఉల్లిపాయని పొగుడుతూ కవిత్వం రాశాడు. సన్నగా తరిగిన ఉల్లి, దోసకాయ, ఒక చిన్న ఆకుకూర కలిపిన సలాడ్‌ని, దాంతో రొట్టెని మెచ్చుకున్నాడు. ఆ ఆకుకూర ఏమిటో తెలుసా? మన గంగపావిలే! తెలంగాణలో గంగవాయిలి కూర అంటారు, అదే. మనం పప్పులో వేసుకుంటాం, వాళ్ళు పచ్చిగా తిన్నారు. ఎండిపోయిన రొట్టెని పారెయ్యకుండా తడిపి కూరముక్కలతో కలిపే ‘పంజనెల్లా’ ఆ ఫ్లారెన్సు ప్రాంతపు వంటకమే. మిగిలిన అన్నాన్ని పులిహోర చేసుకునే మనకి ఆ పొదుపు ఎవరూ నేర్పక్కర్లేదు.

అన్నట్టు, బ్రొంజీనో మెచ్చుకున్న ఆ గిన్నెలో టమాటా లేదు. అప్పటికి అది అమెరికా ఖండం నుంచి వచ్చిన కొత్త వింత. 1548 అక్టోబరు 31న మెదీచీ ప్రభువు కోసిమో ఇంటికి ఒక బుట్టెడు టమాటాలు చేరినట్టు ఉత్తరం ఉంది. వాటితో వంట మాత్రం చాలా ఆలస్యంగా పుస్తకాలకెక్కింది. 1692లో నేపుల్స్‌లో ఆంతోనియో లతీనీ అచ్చువేసిన వంటల పుస్తకంలో ఒక పద్ధతి ఉంది. టమాటాలు నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, సన్నగా తరిగి, ఉల్లి, మిరప, ఉప్పు, నూనె, వెనిగర్ కలపమన్నాడు. ఇది మన కాల్చిన టమాటా పచ్చడికి పెత్తల్లి కూతురు కాకపోతే మరేమిటి చెప్పండి!

ఇంతవరకూ ఇటలీలో సలాడ్ పక్కన పెట్టుకునే పదార్థమే. ఇప్పటికీ అక్కడ చాలా ఇళ్ళల్లో అసలు భోజనంతోపాటో, తరవాతో వడ్డిస్తారు. మరి అదే కడుపు నిండే భోజనం ఎక్కడయింది? అమెరికాలో.

1880 నుంచి 1920 దాకా సుమారు 40 లక్షల మంది ఇటాలియన్లు అమెరికా వెళ్ళారు. ఎక్కువమంది దక్షిణ ఇటలీ బీదవాళ్ళు. అక్కడ వాళ్ళ ఆడవాళ్ళు పచ్చిక బయళ్ళలో కలుపు మొక్కగా పెరిగే డాండెలియన్ ఆకులు ఏరుకొచ్చి వండారు. చూసినవాళ్ళు నవ్వుకున్నారు. వెల్లుల్లి వాసనలు మానమనీ, అన్నీ కలిపి వండుకోవద్దనీ చదువుకున్న పెద్దమనుషులు పాఠాలు చెప్పారు. ఆ తల్లులు వింటూనే ఉన్నారు, వండుతూనే ఉన్నారు. ఈ చరిత్రలో పేర్లు మిగిలినవాళ్ళంతా చక్రవర్తులు, కవులు, పండితులు. అందరూ మగవాళ్ళే. ఒడినిండా ఆకులు కోసుకొచ్చిన ఆ ఆడవాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. వాళ్ళు సిగ్గుపడి మానేసి ఉంటే మాత్రం ఈ రుచులు ఆ దేశానికి దక్కేవి కావు.

ఇటలీ నుంచి వలసవెళ్ళిన సీజర్ కార్దీనీ పేరుమీద 1924లో మెక్సికోలోని తిహువానాలో సీజర్ సలాడ్ పుట్టింది. ఆ తరవాత 1956లో బెవర్లీ హిల్స్‌లో ‘లా స్కాలా’ అనే హోటలు వెలిసింది. సన్నగా తరిగిన లెట్యూస్, శనగలు, ఛీజ్, ఉప్పులో ఊరి ఎండిన సలామీ మాంసం కలిపిన సలాడ్‌కి అది పేరుపడింది. సినిమా తారలు బట్టలమీద పడకుండా తినడానికి వీలుగా అలా తరిగారని చెబుతారు. తమాషా ఏమిటంటే, ఆ హోటలు యజమాని జీన్ లియోన్ ఇటలీవాడు కాదు, స్పెయిన్ దేశస్థుడు! బతుకుతెరువుకి వలస వెళ్ళినవాడే. ఏది అసలు, ఏది నకిలీ అని తగువు పెట్టుకునేవాళ్ళు ఇది కాస్త ఆలోచించాలి.

ఇంట్లో చేసుకోవాలంటే ఇదేం బ్రహ్మవిద్య కాదు. నలుగురికి ఒక గ్లాసు కాబూలీ శనగలు రాత్రి నానబెట్టి, పొద్దున మెత్తగా ఉడికించి చల్లార్చండి. లెట్యూస్ ఒకటి, కీరా దోసకాయలు రెండు, గట్టి టమాటాలు మూడు, కాప్సికం ఒకటి, చిన్న ఉల్లిపాయ ఒకటి, వంద గ్రాముల ఛీజ్, దొరికితే పది ఆలివ్ కాయలు తీసుకోండి. లెట్యూస్ దొరకని ఊళ్ళో లేత క్యాబేజీ వాడండి. టమాటా గింజలు తీసెయ్యండి, లేకపోతే నీరు ఊరుతుంది. ఉల్లి ముక్కలు కాసేపు నీళ్ళలో ఉంచితే ఘాటు తగ్గుతుంది. ఆకులు బట్టలో ఆర్చండి. తడి ఆకుకి నూనె పట్టదు, జారిపోతుంది. అన్నిటినీ శనగగింజంత ముక్కలుగా తరగండి. అప్పుడే ప్రతి చెంచాలోనూ అన్ని రుచులూ వస్తాయి. ముందు ఉప్పు వేసి కలిపి, మూడు చెంచాల ఆలివ్ నూనె, ఒక చెంచా వెనిగర్, నలిపిన వెల్లుల్లి రెబ్బ, మిరియాల పొడి వెయ్యండి. మాంసం తినేవాళ్ళు సలామీ వేసుకుంటారు. తినని వాళ్ళకి శనగలూ ఛీజూ ఉండనే ఉన్నాయి.

ఒక్కటే జాగ్రత్త. కలిపాక ఇది ఆగదు. ఉప్పు తగలగానే ముక్కల్లోంచి నీరు దిగి ఆకు వాడిపోతుంది. భోజనానికి పిలిస్తే “ఇదిగో వస్తున్నా” అంటూ అరగంట పేపరు చదివే మహానుభావులు మీ ఇంట్లో ఉంటే, వారు పీట మీద కూర్చున్నాకే ఉప్పు డబ్బా మూత తియ్యండి.