గోయేల్: 'విమోచకుడు' అనే మాట వెనుక ఉన్న చుట్టరికం

మన ప్రార్థనల్లో, పాటల్లో 'విమోచకుడు' అనే మాట వినబడని ఆదివారం అరుదు. ఆ మాట వినగానే సంకెళ్లు తెంచేవాడు, చెరసాల తలుపు తెరిచేవాడు మన మనసులో మెదులుతాడు. అది తప్పు కాదు. అయితే పాత నిబంధనలో ఈ మాట ఉన్న చాలా చోట్ల హెబ్రీ మూలంలో కనిపించే పదం 'గోయేల్'. ఇది చెరసాలకు సంబంధించిన పదం కాదు, కుటుంబానికి సంబంధించిన పదం. గోయేల్ అంటే మొదట రక్తసంబంధి. విడిపించడం ఆ సంబంధం వల్ల అతని మీద పడే బాధ్యత.

తెలుగు బైబిలు చదివే మనకు ఇది వెంటనే కనబడదు. యోబు 19:25లో 'విమోచకుడు' అని చదువుతాం. రూతు 2:20లో 'విడిపింపగలవారు' అనీ, అదే గ్రంథం 3:9లో 'సమీప బంధువుడు' అనీ ఉంటుంది. సంఖ్యాకాండము 35లోనైతే 'ప్రతిహత్య చేయువాడు'. ఈ నాలుగు చోట్లా హెబ్రీలో ఉన్నది గోయేలే. అనువాదకులను తప్పుపట్టలేం, ఎందుకంటే అన్ని చోట్లా అతికే ఒక్క తెలుగు మాట లేదు. కానీ వాటిని కలిపే దారం మన చేతికి అందకుండా పోయింది.

ధర్మశాస్త్రం గోయేల్‌కు అప్పగించిన పనులు చూడండి. పేదరికం వల్ల ఒకడు తన పొలం అమ్ముకుంటే దగ్గరి బంధువు వచ్చి దానిని విడిపించాలి (లేవీయకాండము 25:25). ఒకడు పరదేశికి దాసుడిగా అమ్ముడుపోతే అన్నదమ్ముడో, పినతండ్రో, పినతండ్రి కుమారుడో, రక్తసంబంధుల్లో మరొకడో వెల చెల్లించి తెచ్చుకోవచ్చు (25:47-49). బంధువు హత్యకు గురైతే హంతకుణ్ణి వెంటాడేవాడు కూడా గోయేలే. ఆ కోపం నుంచి, పొరపాటున ప్రాణం తీసినవాణ్ణి కాపాడటానికే యొర్దానుకు ఇరువైపులా మూడేసి చొప్పున ఆరు ఆశ్రయపురాలు. భూమి, స్వేచ్ఛ, ప్రాణం, ఇవి మూడూ కుటుంబం చేజారిపోకుండా నిలబడేవాడు గోయేల్.

హెబ్రీలో 'పాదా' అనే మరో క్రియ ఉంది. దానికీ మనం 'విమోచించు' అనే అంటాం. వెల ఇచ్చి విడిపించడం అనే అర్థంలో అది ఎవరికైనా సరిపోతుంది, చుట్టరికం అవసరం లేదు. హోషేయ 13:14లో రెండు క్రియలూ పక్కపక్కనే కనిపిస్తాయి.

రూతు గ్రంథంలో ఈ పద్ధతి కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. బోయజు పొలంలో రూతు పరిగె ఏరుకుంటున్నప్పుడు, నువ్వు ఇశ్రాయేలు దేవుని రెక్కల కింద ఆశ్రయం కోరి వచ్చావని అతడు ఆమెను దీవిస్తాడు. కళ్లం దగ్గర ఆ రాత్రి రూతు అతణ్ణి అడిగేది, నీ కొంగు నా మీద కప్పు అని. రెక్కకూ కొంగుకూ హెబ్రీలో ఒకటే మాట, 'కానాఫ్'. బోయజు నోట వచ్చిన దీవెనను ఆమె అతని చేతికే తిరిగి అప్పగించింది. దేవుని రెక్క అన్నావు కదా, ఆ రెక్క నువ్వే కావాలి అన్నట్టు! యెహెజ్కేలు 16:8లో కూడా కానాఫ్ కప్పడం వివాహ నిబంధనకు గుర్తు. కొంగుముడి ఎరిగిన మనకు దీన్ని వేరే విప్పి చెప్పనక్కరలేదు.

నాలుగో అధ్యాయంలో బోయజుకంటే దగ్గరి బంధువు ఒకడు వస్తాడు. పొలం అంటే సరే అన్నాడు. రూతును కూడా చేసుకోవాలని తెలియగానే తన స్వాస్థ్యం పాడవుతుందని వెనక్కి తగ్గాడు. విడిపించడం అంటే తన సొమ్ముకు నష్టమని అతనికి బాగా తెలుసు. ఇతని పేరు గ్రంథంలో లేదు. బోయజు అతణ్ణి పిలిచిన చోట హెబ్రీలో 'పెలోని అల్మోని' అని ఉంది, అంటే 'ఫలానావాడు'. ఇంకో సంగతి, ఉర్దూ మీదుగా మనకు వచ్చిన 'ఫలానా' అరబీ 'ఫులాన్' నుంచి పుట్టింది. అరబీ, హెబ్రీ అక్కచెల్లెళ్లు కాబట్టి అది ఈ 'పెలోని'కి చుట్టమే. తన ఆస్తి కాపాడుకున్నవాడు ఫలానాగా మిగిలిపోయాడు. బోయజు పేరు మత్తయి 1:5లో యేసుక్రీస్తు వంశావళిలో ఉంది.

ఈ వెలుగులో యోబు 19 మళ్లీ చదవండి. 13, 14 వచనాల్లో అతడు తన సహోదరులు దూరమయ్యారనీ, బంధువులు విడిచిపెట్టారనీ చెప్పుకుంటాడు. చుట్టమంటూ ఎవరూ మిగలని మనిషి అదే అధ్యాయంలో నా గోయేల్ సజీవుడు అంటున్నాడు. మన సంఘాల్లో భర్త పోయాక అత్తింటివారూ పుట్టింటివారూ ముఖం చాటేసిన సహోదరి 'విమోచకుడు' అని పాడేటప్పుడు ఆమెకు ఈ అర్థం తెలిసి ఉండాలని మేము కోరుకుంటాం. పక్కన కూర్చున్నవారికి ఇంకా ఎక్కువగా తెలియాలి.

ఒక జాగ్రత్త. హెబ్రీ పదం దొరికింది కదా అని దాని అర్థాలన్నీ ప్రతి వచనంలో కుమ్మరించకూడదు. లేవీయకాండము 27లో మొక్కుకున్న ఇంటిని సొంతదారుడే విడిపించుకోవడానికీ ఇదే క్రియ వాడారు, అక్కడ బంధువు ప్రసక్తి లేదు. ఏ అర్థం సరైనదో సందర్భమే తేల్చాలి. నిర్గమకాండములో సందర్భం స్పష్టంగానే ఉంది: 4:22లో ఇశ్రాయేలు నా జ్యేష్ఠపుత్రుడు అన్న దేవుడే 6:6లో నేను మిమ్మును విడిపిస్తాను అంటూ ఈ క్రియను పలికాడు. కొత్త నిబంధనలో విమోచనకు వాడిన గ్రీకు మాటల్లో వెల అనే భావం ఉంది కానీ చుట్టరికం లేదు. హెబ్రీ పత్రిక 2:11-14 దాన్ని చేరుస్తుంది: ఆయన మనలను సహోదరులని పిలవడానికి సిగ్గుపడలేదు, మనలాగే రక్తమాంసాలలో పాలుపంచుకున్నాడు.

ఈ బాధ్యతను నెరవేర్చిన ఇంకొకరు యిర్మీయా. సిద్కియా ఏలుబడి పదో సంవత్సరంలో బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉంది, ప్రవక్త చెరసాల ప్రాంగణంలో ఉన్నాడు. అప్పుడు పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి అనాతోతులోని పొలం కొనమన్నాడు, విడిపించే హక్కు నీదే అన్నాడు. నగరం శత్రువుల చేతికి పోతుందని ప్రకటించింది యిర్మీయాయే. అయినా 17 షెకెలుల వెండి తూచి ఇచ్చాడు, సాక్షులను పిలిపించి క్రయపత్రం రాయించాడు. చాలా కాలం చెడకుండా ఉండేలా దానిని మట్టికుండలో భద్రం చేయమని బారూకుకు అప్పగించాడు.