గరిడి నుంచి బడికి: పిల్లలకు మల్లవిద్యాబోధన – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: మల్లవిద్యను జన్మతః వచ్చే బలంగా గాక, నేర్పవలసిన విద్యగా చూసిన సంప్రదాయాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ దృష్టి డుంబ్రిగుడ వంటి మన్యప్రాంతపు బడులకు ఎందుకు అవసరమో నిరూపించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: మల్లవిద్య, గరిడి, తాలీంఖానా, జెట్టి, కోడి రామమూర్తి, డుంబ్రిగుడ.

1. పదాలలో నిలిచిన చరిత్ర

'కుస్తీ', 'పహిల్వాన్', 'ఉస్తాదు' అనేవి పారశీకం నుంచి తెలుగులోకి వచ్చిన పదాలు. 'తాలీమ్' అరబీ పదం. దానికి బోధన అని అర్థం. కనుక తాలీంఖానా అంటే బలాన్ని ప్రదర్శించే చోటు కాదు, విద్య నేర్పే చోటు. 'సాముగరిడి'లోనూ సాధనకే ప్రాధాన్యం. పశ్చిమ చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన 'మానసోల్లాసం' మల్లులను వయస్సు, దేహపరిమాణం, బలాలను బట్టి వర్గీకరించి, వారి వ్యాయామాన్నీ ఆహారాన్నీ పేర్కొన్నది. అందరికీ ఒకే పాఠం పనికిరాదన్న బోధనాసూత్రం ఈ వర్గీకరణలో ఉంది. తెలుగు జిల్లాల్లోని జెట్టీలు నరాల నొప్పులకు మర్దన చేసేవారని థర్‌స్టన్ 1909లో నమోదు చేశాడు. పట్టు తెలిసినవారికి నొప్పిని మాన్పడమూ తెలుసునన్నమాట.

2. రామమూర్తి: మరుగునపడిన ఉపాధ్యాయుడు

వీరఘట్టంలో జన్మించిన కోడి రామమూర్తినాయుడు (మరణం 1942) పేరు వినగానే రొమ్ముపై ఏనుగును నిలపడం, ఇనుప గొలుసులను తెంచడం గుర్తుకు వస్తాయి. కాని ఆయన విజయనగరంలో సాధన చేసి, మద్రాసు సైదాపేటలో వ్యాయామోపాధ్యాయ శిక్షణ పొంది, తిరిగి వచ్చి విజయనగరంలో పిల్లలకు వ్యాయామం నేర్పారు. సర్కస్ ఖ్యాతి తరువాతి సంగతి. 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యాకళాశాల ఏర్పడటానికి ముందే ఇది జరిగింది. ప్రజాస్మృతి ప్రదర్శకుణ్ణి నిలుపుకొని బోధకుణ్ణి మరచింది.

3. తొలిపాఠాల క్రమం

గరిడిలో మట్టిని తవ్వి గుల్లచేయడం శిక్షణలో భాగమే. పడినప్పుడు దెబ్బ తగలకుండా కాచేది ఆ మట్టే. దండీలు, బస్కీలు ఒంటిని సిద్ధం చేస్తాయి. ఆధునిక శిక్షణలోనూ ముందు సరిగా నిలబడటం, నిలకడ చెదరకుండా అడుగు కదపడం, మోకాళ్లు వంచి ఒంటిని దించడం, ప్రత్యర్థి పట్టులోకి చొచ్చుకుపోవడం నేర్పి, ఆ తరువాతే ఎత్తడం నేర్పుతారు. చిన్నపిల్లలకు గెలుపుకన్న ముందు నేర్పవలసినది క్షేమంగా పడటం. జోడీలను వయస్సుతోపాటు బరువును బట్టి కూడా కూర్చాలి.

4. డుంబ్రిగుడ సందర్భం

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని డుంబ్రిగుడ, పార్వతీపురం మన్యం జిల్లాలోని వీరఘట్టం రెండూ తూర్పుకనుమల సీమకు చెందినవే. ఈ రెండు జిల్లాలూ 2022 ఏప్రిల్ 4న ఏర్పడ్డాయి. అరకు ప్రాంతపు ధింసాలో ఒకరి వెనుక ఒకరు చేతులు పెనవేసి, అడుగు తప్పకుండా కదలడం ఉంది. ఉపాధ్యాయుడు తొలిపాఠాన్ని ఈ పరిచితమైన అడుగుతో ప్రారంభించవచ్చు. ఆదివాసీ ఒడియా, కువి వంటి ఇంటిభాషలతో బడికి వచ్చే పిల్లలకు చేసి చూపే విద్య సులువుగా అందుతుంది. అయితే "కొండపిల్లలకు బలం పుట్టుకతోనే వస్తుంది" అనే ప్రశంసను అంగీకరించలేం. పుట్టుకతో వచ్చేదైతే ఉపాధ్యాయుడు ఎందుకు, మైదానం ఎందుకు అన్న ఉదాసీనతకు అది దారితీస్తుంది.

5. ముగింపు

రామమూర్తి బలాన్ని అద్భుతంగా చూసినప్పుడు ఆయన పొందిన శిక్షణ మరుగునపడింది. మన్యపు పిల్లల బలాన్ని సహజమని కీర్తించినప్పుడు వారికి అందవలసిన శిక్షణ మరుగునపడుతుంది. మల్లవిద్యా చరిత్రను బోధన చరిత్రగా తిరిగి రాయడం అందుకే అవసరం.