బెర్లిన్ గోడ ముందు తెల్లపావులు

2000లో లండన్‌లో గ్యారీ కాస్పరోవ్ ప్రపంచ చదరంగ కిరీటం పోగొట్టుకున్న తీరును తెల్లపావులతో ఆడేవాళ్లు ఇంకా చదవాల్సిందే. వ్లాదిమిర్ క్రామ్నిక్ నల్లపావులతో బెర్లిన్ రక్షణకు దిగాడు. ఆ వరసలో ఎనిమిదో ఎత్తుకే మంత్రులు రెండూ పోతాయి. నల్లరాజుకు క్యాస్లింగ్ యోగం ఉండదు. ఒక పక్క బంట్లు ఒకదాని వెనక ఒకటి ఇరుక్కుంటాయి. మిగతా పావులన్నీ మారిపోయి బంట్లే మిగిలితే గెలుపు తెలుపుదే. కానీ ఆ మార్పిళ్లు జరగనిస్తేగా! నల్లకు శకట్లు రెండూ ఉన్నాయి, తెలుపుకు చొరబడే సందు లేదు. ఆ రక్షణ వచ్చిన నాలుగు గేములూ డ్రా. మొత్తం పోరులో ఒక్కటీ గెలవకుండా కాస్పరోవ్ 6.5–8.5తో ఓడాడు. ఓపెనింగుల సన్నద్ధతలో అప్పట్లో అతన్ని మించినవాడు లేడు. లోపమల్లా ప్రత్యర్థి కోరుకున్న చోటికే మళ్లీ మళ్లీ వెళ్లడంలో ఉంది.

2024 నవంబరులో సింగపూర్‌లో ప్రపంచ కిరీట పోరులో చెన్నై తెలుగింటి కుర్రాడు గుకేశ్‌కూ ఇదే పరీక్ష ఎదురైంది. అతని సహాయక బృందంలో మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ ఉన్నాడు. తొలి గేములోనే ప్రత్యర్థి డింగ్ లిరెన్ ఫ్రెంచ్ రక్షణతో గుకేశ్‌ను ఓడించాడు. ఆ రక్షణ మీద గుకేశ్ మరో రెండుసార్లు ఆడినా దక్కినవి డ్రాలే. తెల్లపావులతో అతను గెలిచిన రెండు గేములూ వేరే దారివి: మూడోది మంత్రి ముందు బంటుతో, పదకొండోది గుర్రంతో మొదలయ్యాయి. పదకొండో గేములో అతను మూడో ఎత్తుకే పక్క బంటును ముందుకు తోసి, డింగ్‌ను గడియారం ముందు ఆలోచనలో పడేశాడు. హైదరాబాద్‌లో బాగ్ లింగంపల్లి నుంచి అశోక్‌నగర్ దాకా గ్రూప్స్ అభ్యర్థులు బిట్లు బట్టీపట్టే పద్ధతి ఇక్కడ చెల్లదు. ఈ పరీక్షలో ప్రశ్నపత్రం రాసేది ఎదుటివాడు.

దారి మార్చినంత మాత్రాన గెలుస్తారా అని అడగొచ్చు. 2013లో చెన్నైలో జరిగిన కిరీట పోరులో ఆనంద్ బెర్లిన్ ప్రధాన వరసను తప్పించి, మంత్రి ముందు బంటును ఒక్క గడే జరిపి ఆడాడు. అయినా కార్ల్‌సన్ చేతిలో ఆ ఆరో గేము ఓడాడు. నిజమే, కానీ ఆ ఓటమి ఓపెనింగులో రాలేదు, ఏనుగుల ఎండ్‌గేములో వచ్చింది. గుకేశ్ ఐదో గేములో ఫ్రెంచ్‌ మీద బంట్లు మార్చేసే సాదా వరస ఎంచుకుని తానే ఇబ్బందిలో పడ్డాడు, కాబట్టి తేలిక వరస అంటే భద్రత అనుకోకూడదు. సహాయక బృందం లేని కుర్రాళ్లు ఇన్ని దారులెలా నేర్చుకుంటారన్నది ఇంకా గట్టి అభ్యంతరం. రాజు ముందు బంటును తెలుపు రెండు గళ్లు తోసినప్పుడు నల్ల కూడా అలాగే తోస్తే, వాళ్లకు ఇటాలియన్ ఆరంభం ఒక్కటి చాలు. బెర్లిన్‌కు తావివ్వదు, పావులు చాలావరకు బల్ల మీదే ఉంటాయి. పది ఎత్తుల తర్వాత గుర్రాలు ఎటు వెళ్లాలో, నడిమి బంటును ఎప్పుడు తొయ్యాలో తెలిస్తే ఆట నడుస్తుంది. మిగిలిన సమయం ఏనుగుల ఎండ్‌గేములకు ఇవ్వొచ్చు.