సుసన్నా పంపిన పెట్టె

న్యూరెంబర్గ్ క్రిస్మస్ సంత ఎంత పాతదని అడిగితే చరిత్రకారులు ఒక చిన్న చెక్కపెట్టెను చూపిస్తారు. పల్చటి చెక్కను వంచి చేసిన కోలాకారపు పెట్టె అది. పొడవు 19 సెంటీమీటర్లు. పైన పూలు చిత్రించి ఉంటాయి. దాన్ని తిరగేస్తే అడుగున ఒక రాత కనిపిస్తుంది. సుసన్నా ఎలియనోరా అనే పెళ్లికాని అమ్మాయి రెజీనా సుసన్నా హార్స్‌డోర్ఫర్ అనే ఆమెకు 1628లో 'కిండ్లెస్ మార్క్' కానుకగా దీన్ని పంపిందని ఆ రాత సారాంశం. ఈ సంత ఉండేదని చెప్పే అతి పాత ఆధారం ఇదే. రాజశాసనమో నగరసభ తీర్మానమో కాదు, ఒక స్త్రీ మరో స్త్రీకి ఇచ్చిన కానుక. మన కుంకుమ భరిణె లాంటిది.

దీని గురించి చదివినప్పటినుంచీ ఆ ఊరు చూడాలని ఉండేది. 2023 డిసెంబరులో వీలు కుదిరింది. మా అమ్మాయి కుటుంబం ఉండే ఊరినుంచి రైల్లో గంట ప్రయాణం. మా ఆయన, అమ్మాయి, అల్లుడు, ఏడేళ్ల మనవరాలు, నేను బయల్దేరాం. పెట్టె ఉన్నది ఆ ఊరి జర్మనిక్ నేషనల్ మ్యూజియంలో. ముందు అక్కడికి వెళ్లి, తర్వాత సంత చూద్దామని నా కోరిక. కానీ పొద్దున పిల్ల ఆకలన్నది, మధ్యాహ్నం ఈయనకి మోకాళ్లు పట్టేశాయి, ఆ తర్వాత ఎవరో ఒకరు బ్యాగులూ కోట్లూ చూసుకోవాలి కదా! కుటుంబ ప్రయాణాల్లో ఎవరి కోరిక చివరికి జరుగుతుందో మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. సంత మాత్రం కావలసినంత చూశాను.

హాప్ట్‌మార్క్ట్ అనే పెద్ద చౌకులో, ఎరుపు తెలుపు చారల గుడ్డ కప్పుకున్న సుమారు 180 చెక్క దుకాణాలు వరసగా ఉన్నాయి. వేలెడంత సాసేజ్‌లు మూడేసి ఒక బన్నులో పెట్టి అమ్ముతున్నారు. వేడి వైన్ వాసన, దాల్చినచెక్క, లవంగాల వాసన కలగలిసి వస్తున్నాయి. లవంగం వాసనకి మా అమ్మ వంటిల్లు గుర్తొచ్చింది. ఎండు ప్లమ్ పండ్లని తీగకు గుచ్చి ఒళ్లు, అక్రోటు కాయతో తల చేసిన బొమ్మలు ఉన్నాయి. వాటిలో చీపురు పట్టుకున్నది ఆడబొమ్మే.

రెండు వస్తువుల దగ్గర మాత్రం చాలాసేపు నిలబడిపోయాను. మొదటిది పల్చటి ఇత్తడి రేకుతో చేసిన బంగారు దేవత బొమ్మ. ఒక బొమ్మల పనివాడి కూతురు చనిపోతే, దుఃఖం ఆపుకోలేక ఆమె రూపంలో ఈ బొమ్మ చేశాడని కథ. రెండోది ఎలీసెన్ లెబ్‌కూఖెన్ అనే, గింజపప్పులతో చేసే తీపి రొట్టె. దీనికీ ఒక కథ ఉంది. ఒక రొట్టెల పనివాడి కూతురు ఎలిజబెత్ జబ్బుపడితే, ఆమె కోసం తండ్రి దీన్ని కనిపెట్టాడట, ఆమె కోలుకుందట. రెండూ జనం చెప్పుకునే కథలే. అయినా రెండింటి నిర్మాణమూ ఒకటే కావడం నాకు ఆశ్చర్యమనిపించింది. తయారుచేసేవాడు తండ్రి. కూతురు చావడానికో జబ్బుపడటానికో ఉంటుంది. తల్లి అసలు కనపడదు. పిండి కలిపిన చేయి ఎవరిది, రేకు మడిచిన చేయి ఎవరిది అని కథ అడగదు.

నిజానికి ఆ చేతులు లేకుండా ఈ సంత లేదు. 1737 నాటి జాబితా ప్రకారం ఇక్కడ 140 మందికి సరుకు అమ్ముకునే హక్కు ఉండేది. ఊళ్లోని దాదాపు అన్ని వృత్తులవాళ్లూ అందులో ఉన్నారు. జర్మన్ నగరాల్లో కార్ఖానా హక్కు యజమాని పేరు మీద ఉండేది. భార్య, కూతుళ్లు, పనిమనుషుల శ్రమంతా ఆ పేరు కిందికే వచ్చేది. 19వ శతాబ్దంలో న్యూరెంబర్గ్ బొమ్మలు ప్రపంచమంతా అమ్ముడుపోయే నాటికి, చిన్న చిన్న తగరపు సైనికులకి ఇళ్లలో కూర్చుని రంగులు వేసింది ఎక్కువగా ఆడవాళ్లూ పిల్లలే. కూలి లెక్క బొమ్మకింత. నిజామాబాద్‌లో వాకిట్లో కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్లని చూసినవారికి ఈ లెక్క వేరే చెప్పాలా?

ఆ చౌకు చరిత్ర ఇంకా బరువైనది. ఒకప్పుడు అక్కడ యూదుల వాడ ఉండేది. 1349 డిసెంబరు 5న 562 మంది యూదుల్ని చంపి, వాడని నేలమట్టం చేశారు. ప్రార్థనా మందిరం ఉన్నచోట చక్రవర్తి నాలుగో చార్లెస్ మేరీమాత పేరున ఫ్రావెన్‌కిర్హె చర్చి కట్టించాడు. సంత మొదలయ్యేది ఆ చర్చి వసారా మీదినుంచే. అమ్మ పేరు పెట్టిన గుడి కింద ఎందరు తల్లుల బూడిద ఉందో! మధ్యలో 1898 నుంచి సంతని ఊళ్లో వేరే చోట్లకి తరిమేశారు. తిరిగి చౌకులోకి తెచ్చింది 1933లో నాజీలు. అప్పటికి ఆ చౌకు పేరు అడాల్ఫ్ హిట్లర్ ప్లాట్జ్. బంగారు దుస్తుల క్రైస్ట్‌కిండ్‌తో ప్రారంభోత్సవాన్ని వేడుకగా మలిచింది కూడా వాళ్లే. రెండేళ్లకి, 1935లో, ఇదే ఊళ్లో న్యూరెంబర్గ్ చట్టాలు ప్రకటించారు. యూదులకీ జర్మన్లకీ పెళ్లిళ్లు నిషేధించారు. 45 ఏళ్లలోపు జర్మన్ స్త్రీలు యూదుల ఇళ్లలో పనిచెయ్యకూడదన్నారు. 45 అని ఎందుకు గీత గీశారో ఆడవాళ్లకి వెంటనే అర్థమవుతుంది. జాతి స్వచ్ఛత గురించి మాట్లాడే ఎవరైనా చివరికి చూసేది మన గర్భసంచి వైపే. 1939లో యుద్ధంతో సంత ఆగిపోయింది. 1945 జనవరి 2 నాటి బాంబుదాడిలో పాత ఊరు నాశనమైంది. 1948లో శిథిలాల మధ్య సంత మళ్లీ మొదలైంది.

అప్పటినుంచి 1968 దాకా క్రైస్ట్‌కిండ్ వేషం నటీమణులు వేశారు. 1969 నుంచి ఊరి ఆడపిల్లని రెండేళ్లకొకసారి ఎన్నుకుంటున్నారు. వయసు 16 నుంచి 19 మధ్య ఉండాలి. ఎత్తు కనీసం 160 సెంటీమీటర్లు. ఎత్తైన చోట నిలబడితే కళ్లు తిరగకూడదు. ఒంటి రంగు గురించి నియమం ఏమీ లేదు. 2019లో బెనిగ్నా మున్సీ ఎన్నికైంది. వయసు 17, తండ్రి భారతీయ మూలాలవాడు. వెంటనే ఏఎఫ్‌డీ పార్టీ బవేరియా స్థానిక శాఖ ఒకటి ఆమె ఫొటో పెట్టి, అమెరికా ఆదివాసులకి పట్టిన గతే తమకీ పడుతుందన్న అర్థంలో ఫేస్‌బుక్‌లో రాసింది. నిరసన రావడంతో దాన్ని తొలగించారు. ఊరు ఆమె పక్షాన గట్టిగా నిలబడింది. ఆమె ఆ వసారా మీదినుంచి సంతని ప్రారంభించింది. మరుసటి ఏడాది కోవిడ్ వల్ల సంతే జరగలేదు.

ఇందులో నాకు నవ్వొచ్చే సంగతి ఒకటుంది. క్రైస్ట్‌కిండ్ బంగారు ఉంగరాల జుట్టు విగ్గు. ఎవరు వేషం వేసినా అదే పెట్టుకుంటారు. జర్మన్ పిల్ల కూడా ఆ జుట్టుతో పుట్టలేదు. లూథర్ కాలం తర్వాత నికొలాస్ పీఠాధిపతి బదులు కానుకలు తెచ్చే శిశు క్రీస్తుని ఊహించుకున్నారు. ఆ శిశువు క్రమంగా ఆడపిల్ల రూపంలోకి మారింది. ఇన్ని మారాక ఇప్పుడు రంగు దగ్గరే సంప్రదాయం గుర్తొచ్చిందన్న మాట!

తిరుగు రైల్లో మా అమ్మాయి ఈ సంగతి జర్మన్‌లో చెప్పడం మొదలుపెట్టి, ఏఎఫ్‌డీ దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించి తెలుగులోకి మారింది. ఎదుటి సీట్లో ఎవరో ఉన్నారు. మనవరాలు మాత్రం విననే విన్నది. "అమ్మమ్మా, నేను 160 అవుతానా?" అంది. అవుతావు, మీ అమ్మ అంత ఎత్తు అవుతావు అన్నాను. "విగ్గు వద్దు, నా జుట్టే ఉండాలి" అంది. ఆ మాటకి తల్లి ఏమీ అనలేదు, జడ విప్పి మళ్లీ బిగించి అల్లింది.

నేను ఒక చిన్న పూల డబ్బా కొన్నాను, నా స్నేహితురాలికి. అడుగున ఏం రాయాలో ఇంకా తోచలేదు. ముందు మా ఇద్దరి పేర్లూ, సంవత్సరమూ వేస్తాను.