కాండీ నగరము - కడపటి రాజు



సింహళమునకు పోయిన మనవారిలో పలువురు కొలంబో రేవును, అచ్చటి బజారులను చూచి మరలివత్తురు. నేను మాత్రము రెండు దినములు మిగిల్చుకొని కాండీ నగరమునకు పోయితిని. ఆ కొండనగరమును కడపట నేలిన నలుగురు రాజులును మన దక్షిణదేశమునుండి వెళ్లిన నాయకవంశమువారని చదివియుంటిని. వారి జాడ యేమైన మిగిలియున్నదేమో చూడవలెనని నా కోరిక.

కొలంబోనుండి డెబ్బది మైళ్లకు పైబడిన ప్రయాణము. 1867వ సంవత్సరమున వేసిన రైలుదారి కొండచరియల వెంట మెలికలు తిరుగుచు, సొరంగములలో దూరుచు, పదునారువందల అడుగుల యెత్తునకు చేరును. సింహళభాషలో 'కంద' యనగా కొండ. పరదేశీయులు ఆ మాటనే కాండీగా మార్చిరి. దేశీయులు మహనువర, అనగా మహానగరము, అందురు. దారిలో పెరాదెనియ యను చోట 1821వ సంవత్సరమున నెలకొల్పిన గొప్ప వృక్షవనము కలదు. దానిని చెప్పబూనిన నాకీయబడిన సమయము చాలదు.

నగరమునకు ప్రాణము దంతమందిరము. బుద్ధదేవుని దంతమును కళింగరాజపుత్రి హేమమాల తన కొప్పులో దాచి, భర్తతోకూడ సముద్రము దాటి తెచ్చెనని వారి గాథ. వారు బయలుదేరిన దంతపురము మన శ్రీకాకుళము జిల్లాలోనిదే యని కొందరు పండితుల తలంపు. పూజవేళ డోళ్లు మ్రోగుచుండగా, తెల్లని వస్త్రములు ధరించిన జనము కలువపూవులు చేతబట్టి బారులు తీరి నిలుతురు. నేనును నిలిచితిని. దంతము కంటికి కనబడదు. ఒకదానిలో నొకటిగా నమర్చిన బంగారుభరిణెలలో నుండును. 1998వ సంవత్సరము జనవరిలో జరిగిన బాంబుదాడిలో ముందుభాగము చెడగా మరల బాగుచేసిరి. మందిరమునకు ఎదుటనే విష్ణుదేవుని గుడియు, పత్తినిదేవి గుడియు ఉన్నవి.

ఇక రాజుల మాట. సింహళరాజులు మధురనుండి రాణులను తెచ్చుకొను నాచారముండెను. 1739వ సంవత్సరమున నరేంద్రసింహుడు పట్టమునకు తగిన వారసుడు లేకయే మరణింపగా, రాణి తమ్ముడు శ్రీవిజయరాజసింహుడు సింహాసన మెక్కెను. ఈ వంశము తెలుగు మూలముగలదని చరిత్రకారులు చెప్పుదురు. తరువాత 1747లో పట్టమునకు వచ్చిన కీర్తిశ్రీరాజసింహుడు బౌద్ధమునకు చేసిన సేవ సామాన్యము కాదు. భిక్షువులకు దీక్ష యొసగు పరంపర తెగిపోయియుండగా, సయాము దేశమునుండి ఉపాలిస్థవిరుని రప్పించి 1753లో దానిని పునరుద్ధరించెను. అయినను ఆయన నుదుట విభూతి మానలేదని కొందరు గొణిగిరి. 1760లో ఆయనను చంపుటకు కుట్రయు పన్నిరి. కుట్ర బయటపడెను, రాజు బ్రతికెను, బౌద్ధసేవ మాత్రము మానలేదు. ఈ ఓర్పు నాకు మిక్కిలి పెద్దదిగా తోచినది.

కడపటివాడు శ్రీవిక్రమరాజసింహుడు. 1798లో ప్రధాని పిలిమతలావె, చెప్పినట్లు వినునని తలంచి, సుమారు పదునెనిమిదేండ్ల యువకునికి పట్టము గట్టెను. యువకుడు వినలేదు. మందిరము ముందు మిలమిలలాడు సరస్సును 1807లో త్రవ్వించినవాడీతడే. వరిమళ్ల స్థానమున నీరు నిలిపి, దానికి పాలసముద్రమని పేరిడెను. తీరపు గోడను మేఘముల యలలవలె మలిపించెను. సాయంకాలమున ఆ గోడప్రక్క నడచుట యెంతయో హాయి. కాని ఆ త్రవ్వకము రాజకార్యమను పేర జరిగిన వెట్టిచాకిరి. మన పల్లెలలో వెట్టి యెరిగిన పెద్దలకు వేరుగ చెప్పనక్కరలేదు.

తరువాత ప్రధానియైన ఎహెలెపొల యాంగ్లేయులతో చేరగా, రాజు 1814లో అతని భార్యను, బిడ్డలను చంపించెను. అన్న జంకగా, చిన్నవాడు తానే ముందుకువచ్చి తల యొగ్గెనని సింహళులు నేటికిని చెప్పుకొందురు. మనవాడని పొంగిన నా మనస్సు అచ్చట చిన్నబోయినది. ఎంత వెదకినను ఆ పనికి సమాధానము దొరకలేదు.

1815వ సంవత్సరము ఫిబ్రవరిలో రాజు పట్టుబడెను. మార్చి 2వ తేదీన, చెక్కడపు కొయ్యస్తంభముల సభామండపమున, సింహళనాయకులు దేశమును ఆంగ్లేయుల కప్పగించిరి. ఆ పత్రమున ఆయనను మలబారువాడని వ్రాసిరి. మధుర సంబంధము గలవారికి మలబారెక్కడిది! ఆయన బంధువులలో మగవారెవ్వరును అనుమతిలేక కాండీసీమలో అడుగిడిన మరణదండన యనియు వ్రాసిరి.

చిత్ర మేమనగా, మూడేండ్లయినను గడువకముందే, 1817లో, ఆంగ్లేయులపై తిరుగుబాటు లేచినది. దానికి నాయకుడుగా నిలిచిన సింహళుడు తాను నాయకవంశపు దొరసామి నని ప్రకటించుకొనెను. పరాయివారని వెళ్లగొట్టిన కులము పేరే జనమును కూర్చుటకు కావలసివచ్చినది.

రాజును సపరివారముగా ఓడనెక్కించి మన వేలూరుకోటకు పంపిరి. దాదాపు పదునారేండ్లు అచ్చట బందీగా నుండి, 1832వ సంవత్సరము జనవరి 30వ తేదీన మరణించెను. ఆంగ్లేయులు కొనిపోయిన ఆయన సింహాసనము 1934లో సింహళమునకు తిరిగివచ్చి కొలంబో ప్రదర్శనశాలలో నున్నది.

ఇంటికి వచ్చిన పిమ్మట నేను వేలూరు పోయి ఆయన సమాధిని చూచితిని. కుప్పము సీమ మీదుగా ప్రవహించు పాలారు ఒడ్డున నున్నది. ఆ దినమున ఏటిలో నీరు లేదు. పాలసముద్రమును త్రవ్వించినవాని ప్రక్కన అంతయు ఇసుకయే కనబడినది.