గడ్డితాడు

శెట్టిగారి కొట్లో పొట్లానికి కట్టిన పురికొసను విప్పి, చుట్టచుట్టి దాచుకునే అలవాటు మనలో చాలామందికి ఉండేది. ఆ 'పురి' ఏమిటో ఎప్పుడైనా ఆలోచించారా? పురి అంటే మెలి. నారకైనా గడ్డికైనా బలాన్నిచ్చేది ఆ మెలే.

మాది ఆళ్ళగడ్డ దగ్గర పల్లె. నంద్యాల, ఆళ్ళగడ్డల నల్లరేగడిలో వెనకటికి జొన్న, కొర్ర, పత్తి ఎక్కువ. చెరువుల కింద కాస్త వరి. తాడు కావాలంటే జనుమో గోగో నానబెట్టి నార తీయాల్సిందే. 1863లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీవారు కర్నూలు–కడప కాలువ పని మొదలుపెట్టారు. మెట్టపైర్లకు అలవాటుపడిన రైతులు మొదట్లో ఆ నీళ్ళు పెద్దగా తీసుకోలేదు. కంపెనీ నష్టపోయింది. 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కుంది. తర్వాత తర్వాత కాలువ కింద వరి పెరిగింది, దాంతో కళ్ళాల్లో వరిగడ్డీ పెరిగింది.

కాలువ చరిత్ర పుస్తకాల్లో ఉంది. ఆ గడ్డిని తాడుగా పేనినవాళ్ళ సంగతి మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు. ఎందుకుంటుంది? దాన్ని వెలపెట్టి కొన్నవాళ్ళుంటే కదా!

మా జేజి పేనేది. ఎద్దులు తొక్కిన గడ్డి నలిగిపోతుంది, పనికిరాదు. బల్లకు కొట్టి గింజ రాల్చిన పొడుగు గడ్డే కావాలి. నీళ్ళు చిలకరించి కాసేపు ఉంచితే మెత్తబడుతుంది. జేజి కూర్చుని కొంచెం కొంచెం అందిస్తుంటే, నేను వంకర కట్టెకు మొదలు తగిలించి, తిప్పుకుంటూ వెనక్కి నడిచేదాన్ని. గడ్డి తక్కువ పడినచోట పుటుక్కున తెగేది. తప్పు ఆమెదైనా తిట్లు నాకే! ఆ పోగును సగానికి మడిచి ఎదురు మెలి వేస్తే, రెండు పేటలూ ఒకదాన్నొకటి పట్టుకుని ఇక విడిపోవు.

గాలికి లేవకుండా వామి మీద ఈ తాళ్ళు వేసి కొసలకు రాళ్ళు కట్టేవాళ్ళు. కోస్తాలో అయితే ఇలాంటి తాడే చుట్లుచుట్లుగా చుట్టి, ధాన్యం పోసుకునే పురులు కట్టేవారు. కడవ కింద కుదురు, నెత్తిమీద చుట్టకుదురు మాత్రం అచ్చంగా ఆడవాళ్ళవి. జపానులో వరిగడ్డి తాడును గుళ్ళ ముందు కట్టి పవిత్రంగా చూస్తారు. మనకది కడవ కింది వస్తువు.

కోతయంత్రాలు వచ్చాక గడ్డి ముక్కలై పడుతోంది. తాడుకు సరిపడా పొడవేదీ? నిజం చెప్పాలంటే నైలాను తాడుకే బలమెక్కువ, వానకు కుళ్ళదు కూడా. జేజి తాడు ఒక్క ఏడాది నిలిస్తే గొప్ప. పని తీరాక, బాగున్నది ఎద్దు ముందు, కుళ్ళినది దిబ్బలో వేసేది.