ఇమిగ్రేషన్ ఫైలు ఆగిపోయిందా? ఏ ఆఫీసులో ఆగిందో ముందు తెలుసుకోవాలి

కొడుకు షికాగోలో, కూతురు అల్లుడు డల్లాస్‌లో, చిన్నబ్బాయి జెద్దాలో. ధర్మసాగర్ లాంటి ఊళ్లలో ఇలాంటి ఇళ్లు ఇప్పుడు కొత్త కాదు. ఈ ఇళ్లలో ఫోన్ మోగినప్పుడల్లా సలాం అయ్యాక వచ్చే ప్రశ్న ఒకటే: "ఫైలు ఎందాకా వచ్చింది?" జవాబు కూడా ఒకటే: "పెండింగ్ అనే చూపిస్తోంది."

పెండింగ్ అన్న ఆ ఒక్క మాట వెనక నాలుగైదు ఆఫీసులు ఉంటాయి. ఏ ఆఫీసులో ఆగిందో తెలియకపోతే ఎవరిని అడగాలో తెలియదు. అలాంటప్పుడే "నాకు కాన్సులేట్‌లో మనిషి ఉన్నాడు" అనే ఏజెంట్ చేతిలో డబ్బులు పడతాయి. అమెరికా దరఖాస్తుల్లో ఆలస్యం ఎక్కడెక్కడ వస్తుంది, అక్కడ ఏం చేయొచ్చు, ఎదురుచూసే రోజుల్లో ఏ పొరపాటు చేయకూడదు అన్నది కింద వరుసగా ఉంది.

క్యూ వేరు, ఆలస్యం వేరు

ముందుగా అర్థం చేసుకోవాల్సిన తేడా ఇది. అమెరికా సిటిజన్ తన భార్య లేదా భర్త కోసం, 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లల కోసం, తల్లిదండ్రుల కోసం వేసే ఐ-130 పిటిషన్‌కు సంఖ్యా పరిమితి లేదు. మిగతా బంధువులకు ఉంది. తోబుట్టువుల కోటా (ఎఫ్-4) ప్రపంచం మొత్తానికి ఏడాదికి 65,000 వీసాలు. పైగా ఏ దేశానికీ మొత్తంలో 7 శాతం కన్నా ఎక్కువ ఇవ్వకూడదని చట్టం. అందుకే 2025లో ఎఫ్-4 కింద ఇండియా వాళ్లకు 2006లో పిటిషన్ వేసిన వాళ్ల వంతు నడిచింది. ఉద్యోగం మీద గ్రీన్‌కార్డుకు వెళ్లే ఈబీ-2లో అదే ఏడాది ఇండియా తేదీ 2013 దగ్గర ఉంది.

ఇది క్యూ. లాయర్‌ను మార్చినా, ఎంత ఫీజు కట్టినా, ఎవరితో ఉత్తరం రాయించినా క్యూ ముందుకు జరగదు. పిటిషన్ వేసిన రోజును ప్రయారిటీ డేట్ అంటారు. స్టేట్ డిపార్ట్‌మెంట్ ప్రతి నెలా ఇచ్చే వీసా బులెటిన్‌లో మీ కేటగిరీ తేదీ ఆ రోజును దాటిందా లేదా అని చూసుకోవడమే ఇక్కడి పని.

క్యూ లేని దరఖాస్తు కదలకపోయినా, వంతు వచ్చాక కూడా ఫైలు ఆగినా అది ఆలస్యం. దాని గురించి అడిగే హక్కు ఉంది, అడిగే దారులూ ఉన్నాయి.

ఊళ్లోనే మొదలయ్యే ఆలస్యం

చాలా ఫైళ్లు అమెరికాలో ఆగేది ఇక్కడి కాగితాల వల్లే. మొదటిది పేరు. పాస్‌పోర్ట్‌లో మొహమ్మద్, ఆధార్‌లో ఎండీ, పదో తరగతి మెమోలో మహ్మద్. ఆడవాళ్లకు పెళ్లికి ముందు సుల్తానా, తర్వాత బేగం. మనకు ఒకే మనిషి, కంప్యూటర్‌కు ముగ్గురు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో ఉన్న పేరును ఇంటిపేరు గడిలో వేసి, అసలు పేరు చోట ఎఫ్ఎన్‌యూ అని కొడతారు. తర్వాత లైసెన్సు, బ్యాంకు ఖాతా అన్నిటికీ అదే పేరు వెంట వస్తుంది. గల్ఫ్‌లోనూ ఇది ఇబ్బందే: పాస్‌పోర్ట్‌లో ఒకే పేరు ఉన్నవాళ్లను విజిట్ వీసా మీద రానివ్వబోమని యూఏఈ 2022 నవంబర్‌లో నిబంధన పెట్టింది. దరఖాస్తు వేయక ముందే పాస్‌పోర్ట్‌లో పేరు సరిచేసుకుని, మిగతా కాగితాలను దానికి కలపడం మంచిది.

రెండోది జిల్లా పేరు. ధర్మసాగర్‌లో 2010లో తీసుకున్న సర్టిఫికెట్ మీద వరంగల్ జిల్లా, ఆంధ్రప్రదేశ్ అని ఉంటుంది. 2014 జూన్ 2 తర్వాత రాష్ట్రం తెలంగాణ అయింది. 2016 అక్టోబర్‌లో జిల్లా వరంగల్ అర్బన్ అయింది, 2021లో హనుమకొండ అయింది. అప్పటిదాకా ధర్మసాగర్ మండలంలో ఉన్న వేలేరు 2016లో వేరే మండలమైంది. పుట్టిన ఊరు మారలేదు, కాగితం మీద చిరునామా మాత్రం మారుతూ వచ్చింది. ఇది అక్కడి ఆఫీసర్‌కు తెలియదు. ఏ పేరు ఎప్పటిదాకా ఉందో ఒక పేజీలో రాసి, జిల్లాల పునర్విభజన ఉత్తర్వు కాపీతో పాటు ముందే జత చేస్తే అదనపు ఆధారాలు అడిగే నోటీసు రాకుండా చూసుకోవచ్చు.

మూడోది నికా కాగితం. ఖాజీ ఇచ్చిన ఉర్దూ సియాహా ఒక్కటే పంపితే ఫైలు వెనక్కి వస్తుంది. హైదరాబాద్ నాంపల్లి హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డు నుంచి ఇంగ్లిష్ మ్యారేజ్ సర్టిఫికెట్ తీసుకుని సియాహాతో కలిపి పెట్టాలి.

నాలుగోది జనన ధ్రువీకరణ. పెద్దవాళ్లలో చాలామందికి అది ఉండదు. సంబంధిత ఆఫీసు నుంచి రికార్డు లేదన్న సర్టిఫికెట్ తీసుకుని, స్కూలు రికార్డు, పుట్టుక గురించి తెలిసిన పెద్దల అఫిడవిట్లు కలపాలి. ఈ పని ఇంటర్వ్యూ తేదీ వచ్చాక మొదలుపెడితే నెలలు పోతాయి.

పాస్‌పోర్ట్ దగ్గర ఆగితే

వరంగల్ పోస్టాఫీసు పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో కాగితాలు ఇచ్చాక ఫైలు రెండు చోట్ల ఆగొచ్చు. ఒకటి పోలీస్ వెరిఫికేషన్, రెండోది సికింద్రాబాద్‌లోని ప్రాంతీయ పాస్‌పోర్ట్ కార్యాలయం. ఫైల్ నంబర్ కొడితే పాస్‌పోర్ట్ సేవా పోర్టల్‌లో ఎక్కడుందో కనిపిస్తుంది. వెరిఫికేషన్ దగ్గరే ఉంటే ధర్మసాగర్ స్టేషన్‌లో కనుక్కోవాలి. చిరునామాలో ఆ సమయానికి ఎవరూ లేకపోవడం వల్ల రిపోర్టు వ్యతిరేకంగా వెళ్లే సందర్భాలు ఉంటాయి. రిపోర్టు వెళ్లి కూడా కదలకపోతే ప్రాంతీయ కార్యాలయంలో అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. తర్వాత కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్ ఉంది. 2005 సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో "నా ఫైలు ఏ తేదీ నుంచి ఏ అధికారి దగ్గర ఉంది" అని అడిగితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

యూఎస్‌సీఐఎస్ దగ్గర ఆగితే

పిటిషన్ అందగానే 3 అక్షరాలు, 10 అంకెలు ఉన్న రసీదు నంబర్ వస్తుంది. దాన్ని ఇంట్లో కనీసం ఇద్దరి దగ్గర ఉంచాలి. తర్వాత మెట్టు మెట్టుగా వెళ్లాలి.

మొదట ప్రాసెసింగ్ టైమ్స్ పేజీలో ఆ ఫారం, ఆ ఆఫీసు చూసి రసీదు తేదీ కొట్టాలి. ఎప్పటి నుంచి అడగొచ్చో తేదీ చూపిస్తుంది. ఆ తేదీకి ముందు మామూలుగా అడిగితే లాభం ఉండదు.

తేదీ దాటాక సాధారణ సమయం మించిపోయిందని ఆన్‌లైన్ రిక్వెస్ట్ వేయాలి. జవాబును సేవ్ చేసి పెట్టుకోవాలి. తర్వాతి మెట్లలో అదే ఆధారం.

జబ్బు, తీవ్రమైన ఆర్థిక నష్టం, మానవతా కారణం ఉంటే ఎక్స్‌పెడైట్ అడగొచ్చు. ఊరికే కష్టంగా ఉందంటే సరిపోదు. ఆసుపత్రి లెటర్, తేదీలతో రిపోర్టులు కావాలి.

దీనికీ కదలకపోతే అక్కడున్న కుటుంబ సభ్యుడు తన నియోజకవర్గ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు వెళ్లొచ్చు. ప్రైవసీ రిలీజ్ ఫారం మీద సంతకం చేస్తే వాళ్లు యూఎస్‌సీఐఎస్‌ను అడుగుతారు. ఇది ఉచితం, సిటిజన్ కాకపోయినా అడగొచ్చు. వాళ్లు నిర్ణయం మార్చలేరు, ఫైలు ఎందుకు ఆగిందో మాత్రం రాబట్టగలరు.

ఇల్లు మారితే 10 రోజుల్లో ఏఆర్-11 ద్వారా చిరునామా మార్పు తెలపాలి. పాత అపార్ట్‌మెంట్‌కు వెళ్లిన నోటీసు చూడకపోతే గడువు దాటి దరఖాస్తు తిరస్కరణ అవుతుంది. అదనపు ఆధారాలు అడిగినప్పుడు ఇచ్చే గడువు గరిష్ఠంగా 12 వారాలే, పొడిగించరు.

వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త పడాలి. రెన్యువల్ పెండింగ్‌లో ఉండగా పాత కార్డు దానంతట అదే 540 రోజులు పొడిగించే సౌకర్యాన్ని 2025 అక్టోబర్ 30 నుంచి వేసే దరఖాస్తులకు చాలావరకు తీసేశారు. కార్డు ముగియడానికి 180 రోజుల ముందే రెన్యువల్ వేయడం ఒక్కటే దారి. హెచ్-1బీ పొడిగింపు సకాలంలో వేస్తే, జవాబు రాకపోయినా అదే కంపెనీలో 240 రోజుల వరకు పని చేయొచ్చు.

వీసా సెంటర్, కాన్సులేట్

ఐ-130 ఆమోదం పొందాక ఫైలు నేషనల్ వీసా సెంటర్‌కు వెళ్తుంది. కేసు నంబర్, ఇన్వాయిస్ ఐడీ వస్తాయి. ఫీజు, డీఎస్-260, కాగితాలు పూర్తయితేనే ఇంటర్వ్యూ వరుసలో పెడతారు. ఒక్క స్కాన్ సరిగా లేకున్నా ఆగుతుంది. ఇక్కడ ఏడాది పాటు ఏ స్పందనా లేకుండా వదిలేస్తే పిటిషన్‌నే రద్దు చేసే వీలు చట్టంలో ఉంది. కనీసం ఏడాదికోసారి లాగిన్ అవ్వాలి.

గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన పెద్దలకు ఇక్కడే చిక్కు. 16 ఏళ్లు దాటాక ఏ దేశంలోనైనా ఏడాది, అంతకన్నా ఎక్కువ ఉంటే అక్కడి పోలీస్ సర్టిఫికెట్ అడుగుతారు. సౌదీ, కువైట్ వదిలి వచ్చి ఇరవై ఏళ్లయినా లెక్కలోకి వస్తుంది. పాత పాస్‌పోర్ట్‌లు, ఇఖామా కాపీలు పారేయకూడదు.

నానక్‌రామ్‌గూడలోని హైదరాబాద్ కాన్సులేట్‌లో స్టూడెంట్, విజిట్, వర్క్ వీసాల ఇంటర్వ్యూ తర్వాత 221(జి) అని చీటీ చేతిలో పెడితే చాలామంది వీసా పోయిందని కంగారు పడతారు. అది తుది తిరస్కరణ కాదు. కాగితాలు అడిగితే ఏడాదిలోపు ఇవ్వాలి, దాటితే మళ్లీ ఫీజు కట్టి మొదటి నుంచి రావాలి. అడ్మినిస్ట్రేటివ్ ప్రాసెసింగ్ అయితే భద్రతా తనిఖీ జరుగుతోందని అర్థం.

పేరు తనిఖీల చరిత్ర

ముస్లిం పేర్ల ఫైళ్లు ఎక్కువ ఆగుతాయన్న మాట ఉత్త అపోహ కాదు. 2001 తర్వాత ఎఫ్‌బీఐ పేరు తనిఖీల దగ్గర దరఖాస్తులు ఏళ్ల తరబడి పేరుకున్నాయి. మిగతా అన్నీ సరిగా ఉండి పేరు తనిఖీ ఒక్కటే 180 రోజులు దాటితే గ్రీన్‌కార్డు ఇవ్వొచ్చని 2008 ఫిబ్రవరిలో నిర్ణయించారు. అదే ఏడాది ఏప్రిల్‌లో కార్ప్ అనే మరో పద్ధతి బయటికి చెప్పకుండా మొదలైంది. భద్రతా అనుమానం ఉందనుకున్న ఫైళ్లను అది పక్కన పెట్టేది. 2013లో ఏసీఎల్‌యూ దాన్ని నివేదికలో బయటపెట్టింది, 2017లో సియాటిల్ కోర్టులో కేసు పడింది.

ఇక్కడ దరఖాస్తుదారుడి చేతిలో ఉన్నది ఒక్కటే: ప్రతి ఫారంలో ఒకే పేరు, ఒకే తేదీలు, నిజమైన జవాబులు. డీఎస్-5535 ఇస్తే 15 ఏళ్ల ప్రయాణాలు, చిరునామాలు, ఉద్యోగాలు, సోషల్ మీడియా ఖాతాలు అడుగుతారు. గుర్తున్నవి రాసేసి మిగతావి వదిలేస్తే తర్వాత అదే దాచినట్టు కనిపిస్తుంది.

ఎదురుచూసే రోజుల్లో చేసే తప్పులు

నికా: గ్రీన్‌కార్డు ఉన్న తండ్రి పెళ్లికాని కూతురి కోసం వేసిన పిటిషన్, ఆమె నికా అయిన రోజే రద్దయిపోతుంది. "రిజిస్టర్ చేయలేదు కదా" అన్నది పనికిరాదు. ఇక్కడి చట్టం ప్రకారం చెల్లే నికా అక్కడా పెళ్లే. దాచితే మోసం కిందికి వస్తుంది. సిటిజన్ తండ్రి అయితే కేటగిరీ మారి క్యూ పొడవవుతుంది, పిటిషన్ మిగులుతుంది. సంబంధం ఖాయం చేసే ముందు ఈ లెక్క చూసుకోవాలి.

21 ఏళ్లు: తోబుట్టువుల పిటిషన్‌లో పిల్లలు 21 దాటితే జారిపోతారు. 2002 నాటి చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ చట్టం కొంత కాపాడుతుంది. పిటిషన్ ఆమోదం కోసం యూఎస్‌సీఐఎస్ దగ్గర ఎన్ని రోజులు పడి ఉందో అన్ని రోజులు వయసులోంచి తీసేస్తారు. వంతు వచ్చినప్పుడు అబ్బాయికి 24 ఏళ్లు, పిటిషన్ ఆమోదానికి 5 ఏళ్లు పట్టింది అనుకుంటే లెక్కలో వయసు 19. కానీ ఆమోదం తర్వాత క్యూలో గడిచిన ఏళ్లు తీసేయరు. వంతు వచ్చిన ఏడాదిలోపు దరఖాస్తు ముందుకు నడపాలి.

సిటిజన్‌షిప్: గ్రీన్‌కార్డు ఉన్న భర్త సిటిజన్ అయితే భార్యకు క్యూ ఉండదు. కానీ ఆమె పిటిషన్ కింద ఉన్న పిల్లలు రారు, ఒక్కొక్కరికీ వేరుగా ఐ-130 వేయాలి. ఇది తెలియక తల్లికి వీసా వచ్చి పిల్లలు ఆగిపోయే పరిస్థితి వస్తుంది.

ప్రయాణం: ఐ-485 పెండింగ్‌లో ఉండగా అడ్వాన్స్ పెరోల్ లేకుండా దేశం దాటితే, హెచ్, ఎల్ లాంటి కొన్ని వీసాల వాళ్లు తప్ప, మిగతావాళ్ల దరఖాస్తు వదిలేసినట్టే. ఇక్కడ అబ్బా సీరియస్ అని కబురు వస్తే ముందు టికెట్ కాదు, ఎమర్జెన్సీ అడ్వాన్స్ పెరోల్ కోసం అక్కడి ఫీల్డ్ ఆఫీసుకు వెళ్లాలి. ఈ సంగతి ఇంట్లో వాళ్లకూ తెలిసి ఉంటే "జనాజాకు కూడా రాలేదు" అన్న మాట పడే బాధ కొంతైనా తగ్గుతుంది.

చివరి మెట్టు కోర్టు

సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ అయ్యాక 120 రోజుల్లో నిర్ణయం రాకపోతే ఫెడరల్ జిల్లా కోర్టుకు వెళ్లొచ్చని చట్టంలోనే ఉంది. మిగతా దరఖాస్తులకు మాండమస్ కేసు ఉంది. కోర్టు వీసా ఇవ్వమని చెప్పదు, ఏదో ఒక నిర్ణయం తీసుకోమని చెప్పగలదు. ఫైలులో లోపం ఉంటే ఆ నిర్ణయం తిరస్కరణ కూడా కావచ్చు. అందుకే ముందు లైసెన్సు ఉన్న లాయర్‌తో ఫైలు మొత్తం చదివించాలి. పై మెట్లు ఎక్కినట్టు రాతపూర్వక ఆధారాలు ఉంటేనే కేసు నిలబడుతుంది.

ఇంట్లో ఒక ఫోల్డర్ పెట్టుకుంటే సగం పని అయినట్టే. రసీదు నంబర్లు, పంపిన ప్రతి కాగితం కాపీ, లాగిన్ వివరాలు, ఎవరిని ఏ తేదీన అడిగితే ఏం చెప్పారో రాసిన నోట్‌బుక్ అందులో ఉండాలి. లాగిన్ ఏజెంట్ దగ్గర మాత్రమే ఉంటే అది వెంటనే తీసుకోవాలి. ఈసారి ఫోన్‌లో "ఫైలు ఎందాకా వచ్చింది?" అని అడిగితే పెండింగ్ అని కాకుండా ఏ ఆఫీసులో, ఏ తేదీ నుంచి, తర్వాత అడగాల్సిన రోజు ఏది అన్నది చెప్పగలిగేలా ఉండాలి.